పియానో కింద నాలుగు కాళ్లు

కచేరీ మొదలవడానికి ఇంకా రెండు గంటల టైముంది. హాల్లో కుర్చీలన్నీ ఖాళీ. వేదిక మీద ఇద్దరు మనుషులు ఒక నల్లటి పెట్టెను చెరోవైపు పట్టుకుని ఆపసోపాలు పడుతున్నారు. చూడటానికి అది పాతకాలం ట్రంకుపెట్టెలా ఉంది. నాలుగడుగుల పొడవు, దాదాపు 60 కిలోల బరువు. 'మెల్లగా... మెల్లగా... నీవైపు దించు' అంటున్నాడు ఒకడు. 'ఆగాగు, వేలు ఇరుక్కుంది' అంటున్నాడు ఇంకొకడు. ఎట్టకేలకు పెట్టె నేలమీదికి దిగింది. ఇద్దరూ నడుం మీద చెయ్యేసుకుని ఊపిరి పీల్చుకున్నారు. అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. ఈ పెట్టెను దేని మీద నిలబెట్టాలి?

ఆ పెట్టెలో ఉన్నది 1970ల్లో తయారైన ఎలక్ట్రిక్ పియానో. అమెరికాలోనో ఇంగ్లండులోనో పాత వాద్యాల మీద మోజున్న బృందం ఏది కచేరీ చేసినా తెర లేవకముందు ఇలాంటి దృశ్యమే కనిపిస్తుంది. పాట వినడానికి వచ్చినవాళ్లు వాయించే చేతుల్ని చూస్తారు. ఇంకాస్త ఆసక్తి ఉన్నవాళ్లు వాద్యం మీదున్న పేరు చదువుతారు. కింద ఉన్న స్టాండును చూసేవాళ్లు ఎవరూ ఉండరు, ఒక్క వాయించే మనిషి తప్ప. ఆయన కళ్లు ముందుగా వెళ్లేది దాని మీదికే. ఎందుకంటే యాభై ఏళ్ల నాటి ఆ వాద్యం ఒక్కసారి బోర్లాపడితే అలాంటిదే ఇంకొకటి కొట్టుకెళ్లి కొనుక్కురావడం కుదరదు. పైగా అది పడేది ఎవరి కాళ్ల మీదో చెప్పలేం!

ఒళ్లో పుట్టిన వాద్యం

తమాషా ఏమిటంటే, ఇంత బరువైన ఈ వాద్యానికి మూలమైన పియానోకు స్టాండు అవసరమే లేదు. అది మనిషి ఒళ్లో ఇమిడిపోయేది.

హెరాల్డ్ రోడ్స్ 1910లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టారు. వృత్తిరీత్యా పియానో మాస్టారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆయన సైన్యానికి చెందిన వైమానిక విభాగంలో ఉన్నారు. గాయపడి ఆస్పత్రి మంచాలకే పరిమితమైన సైనికులకు సంగీతం నేర్పితే కాస్త ఊరటగా ఉంటుందని ఆయనకు అనిపించింది. కానీ మంచం దిగలేని మనిషి పియానో ముందు ఎలా కూర్చుంటాడు? అందుకే పియానోనే మంచం దగ్గరకు తీసుకెళ్లాలనుకున్నారు. బి-17 బాంబర్ విమానాల్లో వాడే అల్యూమినియం గొట్టాల ముక్కలు పోగేశారు. వాటితో 29 మెట్ల బుల్లి పియానో తయారుచేశారు. మెట్టు నొక్కితే సుత్తి తగిలి గొట్టం మోగుతుంది. కరెంటు అక్కర్లేదు. దిండుకు ఆనుకుని, ఒళ్లో పెట్టుకుని హాయిగా వాయించుకోవచ్చు.

యుద్ధం ముగిసినా రోడ్స్ ఆ ఆలోచనను వదల్లేదు. చిన్న పియానోను కరెంటుతో గట్టిగా వినిపించేలా చేయాలని ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు. 1959లో గిటార్ల తయారీలో పేరుమోసిన లియో ఫెండర్‌తో చేతులు కలిపారు. వాళ్ల జోడీ నుంచి ముందుగా బజారుకొచ్చింది 32 మెట్ల 'పియానో బాస్'. మంద్రస్థాయి స్వరాలు మాత్రమే పలికే చిన్న పెట్టె అది. 1965లో ఫెండర్ కంపెనీని సీబీఎస్ సంస్థ కొనేసింది. 73 మెట్ల పియానో బయటికొచ్చింది కూడా ఆ ఏడాదే. 'ఫెండర్ రోడ్స్' అని ప్రపంచమంతా చెప్పుకొన్నది దీని గురించే.

దీని లోపల ఏముంటుంది? మెట్టు నొక్కగానే సుత్తి లేచి ఒక సన్నటి ఉక్కుపుల్లను కొడుతుంది. ఆ పుల్లకు జోడీగా ఒక లోహపు కడ్డీ ఉంటుంది. సైన్సు మాస్టారు బల్లకేసి కొట్టి మోగించే శ్రుతిదండం గుర్తుందిగా? ఈ రెండూ కలిసి అచ్చంగా అలాగే పనిచేస్తాయి. పుల్ల కొసకు ఎదురుగా తీగ చుట్టిన అయస్కాంతం ఉంటుంది. పుల్ల కంపించగానే ఆ తీగచుట్టలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయరు పెద్దది చేసి స్పీకర్‌కు పంపుతుంది. చిన్న గంట మోగినట్టు మొదలై తీయగా సాగే నాదం అలా వస్తుంది. ఒక్కో మెట్టుకూ ఒక సుత్తి, ఒక పుల్ల, ఒక కడ్డీ, ఒక అయస్కాంతం. అంటే అన్నీ 73 చొప్పున! వీటిని కదలకుండా పట్టి ఉంచడానికి గట్టి చట్రం, చుట్టూ చెక్క పెట్టె. ఒళ్లో ఇమిడిన పియానో 60 కిలోలకు ఎందుకు పెరిగిందో ఇప్పుడు అర్థమవుతుంది.

సూట్‌కేస్ పోయి స్టేజ్ వచ్చె

1965లో వచ్చిన మోడల్ పేరు 'సూట్‌కేస్'. ఇందులో స్టాండు బెడదే లేదు. ఆంప్లిఫయరు, స్పీకర్లు ఉన్న పెద్ద పెట్టె కింద ఉంటుంది. పియానో దాని మీద కూర్చుంటుంది. స్పీకర్ పెట్టే స్టాండన్నమాట! 1969 జనవరి 30న లండన్‌లో బీటిల్స్ బృందం తమ ఆఫీసు మేడమీద చివరిసారి కచేరీ చేసినప్పుడు బిల్లీ ప్రెస్టన్ వాయించింది ఫెండర్ రోడ్స్ పియానోనే. ఆ రోజు పాటల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు కానీ, అంత సరంజామా మేడ మీదికి చేర్చినవాళ్ల అవస్థ ఎవరు తలచుకుంటారు?

ఊరూరూ తిరిగి వాయించేవాళ్లకు ఈ సూట్‌కేస్ మోయలేని బరువైంది. పైగా చాలామంది దగ్గర సొంత ఆంప్లిఫయర్లు ఉండేవి. దాంతో 1970లో 'స్టేజ్' మోడల్ వచ్చింది. కింది స్పీకర్ పెట్టె తీసేశారు. దాని స్థానంలో మెరిసే నాలుగు ఉక్కుకాళ్లు పెట్టారు. పెట్టె అడుగున బిగించిన లోహపు బిళ్లల్లోకి మరతిప్పి ఎక్కించాలి. కాళ్లు అటూ ఇటూ ఊగకుండా ఏటవాలు కడ్డీలూ ఇచ్చారు. కచేరీ అయిపోగానే కాళ్లు ఊడదీసి వ్యానులో పడేసుకుని పోవచ్చు. మోతబరువు తగ్గింది. కానీ అప్పటిదాకా స్పీకర్ పెట్టె మోసిన భారమంతా ఇప్పుడు నాలుగు మరల మీద పడింది!

ఈ కాళ్లు కొత్తలో బాగానే నిలిచాయి. కానీ యాభై ఏళ్లలో ఎన్నిసార్లు బిగించి ఉంటారు, ఎన్నిసార్లు ఊడదీసి ఉంటారు? మర అరిగిపోతుంది. బిళ్లను పట్టుకున్న స్క్రూల చుట్టూ చెక్క వదులైపోతుంది. అందుకే పాత రోడ్స్ కొనేటప్పుడు తెలిసినవాళ్లు ముందుగా మెట్లు నొక్కి చూడరు. వంగి అడుగుభాగం చూస్తారు. బిళ్లలు గట్టిగా ఉన్నాయా, ఏటవాలు కడ్డీలు పోయాయా, కాళ్లు నాలుగూ దానివేనా అని వెతుకుతారు. కడ్డీలు లేకుండా కాళ్ల మీద నిలబెట్టిన పియానో మామూలుగా వాయిస్తే నిలబడినట్టే ఉంటుంది. ఉత్సాహంగా నాలుగు దెబ్బలు వేస్తే ఊగడం మొదలెడుతుంది. ఊగిన ప్రతిసారీ అడుగున స్క్రూలు ఇంకాస్త వదులవుతాయి.

మరో తప్పు కూడా చాలామంది చేస్తారు. వేదిక మీద పియానో కాస్త పక్కకు జరపాల్సి వస్తే బీరువాను జరిపినట్టు నెట్టేస్తారు. నిలువుగా పడే బరువును మోయడానికి చేసిన కాళ్లు అవి. పక్కనుంచి నెడితే పొడవాటి మీటతో మేకు పీకినట్టు బిళ్లను పెకలిస్తాయి. అరడుగు జరపాలన్నా ఇద్దరూ చెరోవైపు ఎత్తి పెట్టాల్సిందే.

పెడల్ పెట్టే పేచీ

మన హార్మోనియానికి స్టాండు అక్కర్లేదు. చాప మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ, ఇంకో చేత్తో వాయించేయొచ్చు. రెండు చేతులూ మెట్లమీదికి రావాలంటే తిత్తి పని కాళ్లకు అప్పగించాలి. పద్యనాటకాల్లో కాలితో తొక్కే హార్మోనియం అలాంటిదే. పాదం పనిచేయాలంటే వాద్యం నేలకు తగిన ఎత్తులో ఉండాలి. ఎలక్ట్రిక్ పియానోకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

పియానోలో మెట్టు వదిలేయగానే నాదం ఆగిపోతుంది. ఆగకుండా సాగాలంటే పెడల్ తొక్కాలి. ఇప్పటి డిజిటల్ కీబోర్డుల్లో పెడల్ అంటే స్విచ్చు. వైరు గుచ్చితే చాలు, నేలమీద ఎక్కడ పెట్టుకున్నా పనిచేస్తుంది. రోడ్స్ పెడల్ అలా కాదు. పెడల్ నుంచి ఒక కడ్డీ నిటారుగా పైకి లేచి, పియానో అడుగున మధ్యభాగంలో ఉన్న రంధ్రంలోకి వెళ్తుంది. పెడల్ తొక్కితే కడ్డీ పైకి పొడుస్తుంది. లోపల నాదాన్ని ఆపే మెత్తలన్నీ ఒక్కసారిగా పక్కకు తప్పుకుంటాయి. కడ్డీ పొడవును గొట్టంలో గొట్టం జరిపి, చేతిమరతో బిగించి సరిచేసుకోవాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. స్టాండు ఎత్తు పెంచితే కడ్డీ అందదు. తగ్గించి కడ్డీని అలాగే ఉంచితే అది మెత్తల్ని ఎప్పుడూ ఎత్తిపట్టే ఉంచుతుంది. అప్పుడు స్వరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గోలగోలగా వినిపిస్తుంది. స్టాండు గొట్టం ఏదైనా రంధ్రానికి అడ్డొస్తే కడ్డీ ఏటవాలుగా పెట్టాల్సి వస్తుంది. ఏటవాలు కడ్డీ పాట మధ్యలో జారి ఠక్కున పడుతుంది. అందుకే రోడ్స్‌కు స్టాండు కొనేవాళ్లు ముందు ఆ రంధ్రం కింద నేల వరకు దారి ఖాళీగా ఉంటుందో లేదో చూసుకుంటారు. రంగూ రూపమూ తర్వాత సంగతి.

మేడ మీద మేడ

ఒక్క వాద్యంతో సరిపెట్టుకుంటే ఇంత బాధ లేదు. ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలయ్యాకే కష్టాలు పెరిగాయి. 1965లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన 'ది డోర్స్' బృందంలో వేదిక మీద బాస్ గిటారు వాయించే మనిషి లేడు. ఆ లోటును రే మంజరెక్ ఎడమచెయ్యి తీర్చేది. బ్రిటన్‌లో పుట్టిన 'వాక్స్ కాంటినెంటల్' ఆర్గాన్ ఆయన ముందుండేది. దాని నెత్తిన పైన చెప్పిన 32 మెట్ల పియానో బాస్ పెట్టుకునేవారు. కుడిచేత్తో ఆర్గాన్, ఎడమచేత్తో బాస్. చిన్న పెట్టె కాబట్టి సరిపోయింది.

1970ల్లో ఈ మేడలు ఎత్తు పెరిగాయి. 1973లో వచ్చిన 'హెడ్ హంటర్స్' ఆల్బమ్‌లో హెర్బీ హాంకాక్ రోడ్స్‌తో పాటు క్లావినెట్, సింథసైజర్లు వాయించారు. క్లావినెట్ అంటే జర్మనీలో హోనర్ కంపెనీ చేసిన 60 మెట్ల వాద్యం. అది కూడా 30 కిలోల పైమాటే. ఇవన్నీ ఒక్కరే వాయించాలంటే చేతికందేంత దగ్గరలో ఉండాలి. మరి ఎక్కడ పెట్టాలి? చాలామంది రోడ్స్ మూత మీదే పెట్టేశారు. కానీ ఆ మూత పైన వంపు తిరిగి ఉండేది. గుండ్రటి గోడ మీద గిన్నె నిలబెట్టినట్టు ఉండేది వ్యవహారం. కింద గుడ్డలు మడిచి పెట్టేవాళ్లు, చెక్కలు దోపేవాళ్లు. చివరికి కంపెనీయే దిగొచ్చింది. 1979లో వచ్చిన 'మార్క్ 2' మోడల్‌కు మూతను బల్లపరుపుగా చేశారు. లోపలి యంత్రంలో పెద్ద మార్పేమీ లేదు. మూతే మారింది. వాయించేవాళ్ల అలవాటుకు తగ్గట్టు పియానో తన తల చదును చేసుకుందన్నమాట!

అలాగని మూత చదునుగా ఉంది కదా అని ఎంత బరువైనా ఎక్కించడానికి వీల్లేదు. పైన పెట్టిన ప్రతి కిలో చివరికి ఆ నాలుగు కాళ్లే మోయాలి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రోడ్స్ లోపల ఉన్నవి అయస్కాంతాలూ తీగచుట్టలూ కదా! ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పరికరాన్ని సరిగ్గా వాటి మీద పెడితే ఆ కరెంటు ప్రభావం తీగచుట్టల్లోకి పాకుతుంది. స్పీకర్లలో 'గుయ్'మని ఒకటే రొద. పైన పెట్టిన పెట్టెను అరడుగు పక్కకు జరిపితే రొద తగ్గడం చాలామందికి అనుభవమే. అందుకే పై అంతస్తుకు విడిగా స్టాండు పెట్టుకోవడం మేలు. దాని పాదాలు నేలమీద ఉంటాయి, చేతులు రోడ్స్ పైగా చాచి చిన్న కీబోర్డును పట్టుకుంటాయి. రోడ్స్ మీద చీమంత బరువు కూడా పడదు.

ఇంటూ గుర్తుతో లెక్క

సంగీత వాద్యాల కొట్టుకెళ్లి కీబోర్డు స్టాండు అడిగితే ముందుగా చూపించేది ఇంటూ గుర్తు ఆకారంలో ఉన్న మడత స్టాండు. ఇస్త్రీ బల్ల కాళ్లలా ఉంటుంది. ధర తక్కువ, మోయడం తేలిక. అయిదారు కిలోల కీబోర్డుకు అది చక్కగా సరిపోతుంది. దాని మీద 60 కిలోల రోడ్స్ పెడితే ఏమవుతుంది?

చిన్న లెక్క చూద్దాం. స్టాండు చేతులు ఒక్కోటి 1 మీటరు పొడవు ఉన్నాయనుకోండి. 70 సెంటీమీటర్ల ఎత్తులో నిలబెడితే కింద పాదాల మధ్య దూరం సుమారు 71 సెంటీమీటర్లు వస్తుంది. నిలబడి వాయిద్దామని ఎత్తును 90 సెంటీమీటర్లకు పెంచితే ఆ దూరం 44 సెంటీమీటర్లకు పడిపోతుంది. పదో తరగతి పిల్లలు పైథాగరస్ సూత్రంతో ఈ లెక్క సరిచూడొచ్చు. ఎత్తు పెరిగింది 20 సెంటీమీటర్లే. పునాది మాత్రం మూడోవంతు పైగా తగ్గిపోయింది! కింద ఎంత దూరమో పైన పియానోను పట్టుకునే చోట కూడా అంతే దూరం. రోడ్స్ పొడవు దాదాపు 115 సెంటీమీటర్లు. అంటే అటు 35, ఇటు 35 సెంటీమీటర్లు గాల్లో వేలాడుతుంటాయి. పైస్థాయి స్వరాలు గట్టిగా వాయిస్తే పియానో కుడివైపు వాలుతుంది. మంద్రస్థాయికి రాగానే ఎడమవైపు వాలుతుంది. ఏతాం తొక్కినట్టే.

దీనికి తోడు ఇంటూ గుర్తు మధ్యభాగం మోకాళ్లకు తగులుతుంది. పెడల్ కడ్డీ దారికి అడ్డొస్తుంది. ఆ బరువు మోయగల జంట చేతుల స్టాండ్లు దొరకవని కాదు. అవి ఇంకాస్త గట్టిగా ఉంటాయి. కానీ పాత ఎలక్ట్రిక్ పియానోలకు నలువైపులా కాళ్లున్న బల్ల మాదిరి స్టాండు నమ్మకమైనది. బరువు నాలుగు మూలలకూ పంచుకుంటుంది. మోకాళ్లకు చోటుంటుంది. పక్కనుంచి చూస్తే 'జెడ్' అక్షరంలా కనిపించే స్టాండ్లు కూడా కాళ్లకు అడ్డురావు. ఏది కొన్నా దానిమీద రాసిన బరువు పరిమితి చదవాలి. సరిగ్గా 60 కిలోలు మోస్తుందని రాసి ఉంటే 60 కిలోల పియానోకు అది చాలదు. వాయించేటప్పుడు చేతులు వేసే దెబ్బలు కూడా అదే మోయాలి కదా!

ప్లాస్టిక్ మూత వుర్లిట్జర్

రోడ్స్‌కు పోటీగా నిలిచినది వుర్లిట్జర్. ఈ కంపెనీ ఎలక్ట్రిక్ పియానోలు 1950ల మధ్య నుంచీ ఉన్నాయి. రే చార్లెస్ 1959లో 'వాట్ డి ఐ సే' పాటలో వాయించింది దీన్నే. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి 1968లో వచ్చిన 200, 1974లో వచ్చిన 200ఏ మోడళ్లు. 64 మెట్లు, సుమారు 25 కిలోల బరువు. ఇందులో ఉక్కుపుల్లల బదులు చదునైన లోహపు రేకులుంటాయి. పండిట్ రవిశంకర్ కుమార్తె నోరా జోన్స్ 2002లో విడుదలైన తన తొలి ఆల్బమ్‌లో మామూలు పియానోతో పాటు వుర్లిట్జర్ కూడా వాయించారు.

బరువు సగం కూడా లేదు కదా, దీనితో ఇబ్బందేముంది అనుకుంటాం. ఉంది. దీని మూత ప్లాస్టిక్‌ది. స్పీకర్లు రెండూ వాయించే మనిషివైపు చూస్తూ ఉంటాయి. ఆ మూత మీద ఇంకో కీబోర్డు పెడితే అది మెల్లగా కుంగుతుంది. ఒకరోజు పగుళ్లిస్తుంది. వుర్లిట్జర్ మీద పై అంతస్తు కావాలంటే విడి స్టాండు తప్ప వేరే దారి లేదు. పెడల్ కూడా భిన్నమే. కడ్డీకి బదులు సైకిలు బ్రేకుకు ఉన్నట్టు తొడుగులో కదిలే తీగ ఉంటుంది. స్టాండు ఎత్తు మరీ పెంచితే తీగ బిగుసుకుపోతుంది. మెలిక పడితే లోపల ఇరుక్కుంటుంది. తీగ సాఫీగా వంగేంత ఎత్తులోనే వాద్యం ఉండాలి.

వరుస తప్పకూడదు

అనుభవమున్న వాద్యకారులు ఈ పనిని ఒక క్రమంలో చేస్తారు. ముందు నేల చూస్తారు. వేదిక చెక్కలు ఎత్తుపల్లాలుగా ఉంటే తాపీమేస్త్రీలు వాడే రసమట్టం లాంటిది పెట్టి చూసి, తక్కువున్న కాలి కింద పలక పెడతారు. ఇది చాదస్తం కాదు. రోడ్స్‌లో పైకి లేచిన సుత్తి తన బరువుతోనే కిందికి దిగాలి. వాద్యం బాగా ఒరిగి ఉంటే ఆ దిగడం మందగిస్తుంది, మెట్లు బద్ధకంగా పలుకుతాయి.

తర్వాత అన్నిటికన్నా బరువైన వాద్యాన్ని దాని చోట నిలబెడతారు. కాలి మరలు వేళ్లతో సులువుగా తిరిగినంత వరకు తిప్పి, ఆఖరున గట్టిగా బిగిస్తారు. మొదట్లోనే పట్టేస్తే బలవంతంగా తిప్పరు, వెనక్కి తీసి మళ్లీ మొదలెడతారు. ఇద్దరూ ఎత్తి నిలబెట్టాక ఒక మూల చెయ్యేసి మెల్లగా కదిపి చూస్తారు. ఊగితే ఎందుకు ఊగుతుందో తేలేదాకా దాని మీదా పక్కనా ఇంకేదీ పెట్టరు. ఊగకపోతే పెడల్ కడ్డీ సరిచేస్తారు. ఆ తర్వాతే పై స్టాండు. దానిమీద అన్నిటికన్నా తేలికైన కీబోర్డు. పైది మరీ ముందుకు వచ్చినా, మరీ వెనక్కి పోయినా స్టాండు తలకిందులవుతుంది. దాని బరువు పాదాల మధ్యలోనే పడాలి. వైర్లను కొంచెం వదులుగా వదిలి స్టాండు కాలికి కట్టేస్తారు. చీకట్లో ఎవరి కాలికైనా తగిలితే వైరు లాగేది కట్టును మాత్రమే, వాద్యాన్ని కాదు. చిట్టచివర కుర్చీ. మెట్ల మీద చేతులు పెడితే ముంజేతులు నేలకు సమాంతరంగా ఉండాలి. పియానో మెట్లు నేల నుంచి 72, 73 సెంటీమీటర్ల ఎత్తులో ఉండటం మామూలు. అంతకన్నా పైకి లేపితే భుజాలు పైకి లేస్తాయి. గంటసేపు అలా వాయిస్తే మెడ పట్టేస్తుంది. విప్పేటప్పుడు ఇదే వరుస తిరగేస్తారు. పైవి ముందు, బరువైనది ఆఖరున.

ఏదన్నా ఒక్క మెట్టు తప్పితే? పడిపోయిన రోడ్స్ పైకి బాగానే కనిపించవచ్చు. కానీ దాని నాదం ఉక్కుపుల్ల కొస అయస్కాంతానికి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా గొంతు మారిపోతుంది. ప్రతి పుల్ల మీదా శ్రుతి సరిచేసే చిన్న స్ప్రింగు ఉంటుంది. కుదుపుకు అది జరిగితే శ్రుతి పోతుంది. 73 పుల్లలనూ ఒక్కొక్కటిగా మళ్లీ సరిచేయాలంటే ఎంత ఓపిక కావాలి!

మళ్లీ ఒళ్లోకి...

1983లో యమహా కంపెనీ డీఎక్స్7 అనే డిజిటల్ సింథసైజర్ తెచ్చింది. బరువు 14 కిలోలే. ఒక మీట నొక్కితే ఎలక్ట్రిక్ పియానో నాదం వినిపించేది. ఇంక 60 కిలోల పెట్టె ఎవరికి కావాలి? రోడ్స్, వుర్లిట్జర్ రెండింటి తయారీ 1980ల మధ్యకల్లా ఆగిపోయింది. ఎన్నో పియానోలు గ్యారేజీల్లోకీ చర్చి గదుల్లోకీ చేరాయి. తర్వాత్తర్వాత ఆ అసలు నాదం కోసం వెతికేవాళ్లు పెరిగి, మూలనపడ్డవన్నీ దుమ్ము దులుపుకుని వేదికలెక్కాయి. 2021లో రోడ్స్ పేరుతో బ్రిటన్ నుంచి కొత్త మోడల్ ప్రకటన కూడా వచ్చింది. అయినా ఆనాటివి మాత్రం ఉన్నవే, కొత్తగా పుట్టేవి కావు. ఒకటి పడి ముక్కలైతే లెక్కలోంచి ఒకటి తగ్గినట్టే. ఇవాళ వాటిని మోస్తున్నవాళ్లలో చాలామంది నడివయసు దాటినవాళ్లు. స్టాండు సరిగ్గా లేకపోతే ముందు వాద్యం పడుతుందో, వాళ్ల నడుమే పడుతుందో చెప్పడం కష్టం.

హెరాల్డ్ రోడ్స్ 2000లో, 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆస్పత్రి మంచం మీదున్న సైనికుడికి పియానో అందించాలనుకున్నప్పుడు ఆయన ఆలోచించింది వాయించే మనిషి ఎలా ఉన్నాడు, వాద్యం అతన్ని ఎలా చేరాలి అని. దుప్పటి కప్పుకున్న రెండు మోకాళ్లే ఆ పియానోకు స్టాండు. కచేరీకి ముందు వేదిక మీద మోకాళ్లూని, కాలి కింద పలక సర్దుతున్న వాద్యకారుడు ఆలోచించేదీ అదే. కాసేపట్లో దీపాలు వెలుగుతాయి. చప్పట్లు మోగుతాయి. ఆ స్టాండు వైపు మళ్లీ ఎవరూ చూడరు. అది ఊగనంతసేపూ చూడాల్సిన పనీ లేదు.